ఏడో తెప్ప చేతులు

రోజు 61

ఆరింటికి తొట్టికి గంజి పోశాను. రెండు లీటర్లు, గోరువెచ్చగా. బుడగలు బాగానే ఉన్నాయి.

ఎనిమిదింటికి గట్టు మీది చర్మ మండలి నుంచి రేడియోలో జాబితా వచ్చింది. ఏడో తెప్పలో సముద్రపు తాళ్ళకు నాచు కట్టే ఇరవై నలుగురు ఆడవాళ్ళకి అరవై రోజుల కిందట పూత డబ్బాలు పంచాం. పన్నెండింటిలో మందు పూత, పన్నెండింటిలో ఉత్త పూత. ఏది ఎవరికి వెళ్ళిందో నాకూ తెలియదు, డాక్టర్ ఫిరోజా గారికీ తెలియదు. మండలికి మాత్రమే తెలుసు. ఇవాళ చెప్పారు.

పేర్లు రెండు వరుసలుగా రాసుకుని, నేను కొలిచిన అంకెలు ఎదురుగా వేశాను. ఉల్లిపొర జబ్బు అరచేతిలో మొదలై మణికట్టు మీదుగా పైకి పాకుతుంది. తోలు ఉల్లిపాయలా పొర మీద పొర ఊడిపోయి, కింద ఎర్రగా, తడిగా మిగులుతుంది. ఆ ఎరుపు అంచు మోచేతికి ఎన్ని వేళ్ళ దూరంలో ఉందో కొలవడం నా పని. మందు పూత రాసుకున్నవాళ్ళలో అంచు సగటున రెండు వేళ్ళు పైకి వచ్చింది. ఉత్త పూత రాసుకున్నవాళ్ళలోనూ రెండు వేళ్ళే.

డాక్టర్ గారు మూడుసార్లు లెక్క చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మందు పనిచేయలేదు రత్నం" అన్నారు.

పదిహేడో నంబరు మా అమ్మ, కాసులమ్మ. ఆమె డబ్బాలో ఉన్నది మందే. కుడిచేతి మీద అంచు మోచేతికి నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. మోచేయి దాటితే జ్వరం వస్తుంది. దాటాక నెల బతికినవాళ్ళు మా రికార్డుల్లో ఒక్కరూ లేరు.

రోజు 62

ఈ పుస్తకం గంజి లెక్క, వేడి లెక్క రాయడానికి ఇచ్చారు. చూసినదంతా రాయి, ఏది పనికొస్తుందో తర్వాత తెలుస్తుంది అని డాక్టర్ గారు చెప్పబట్టి మిగతావి కూడా రాస్తున్నాను. మా ఇంట్లో రాయడం వచ్చిన మొదటి మనిషిని నేను. ఎంత రాయాలో, ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

మండలి కబురు: ఎనభై మూడో రోజు నుంచి తొట్టిని చల్లబరిచే కరెంటు ఆపేస్తారు. తొంభయ్యో రోజున పడవ వచ్చి తొట్టినీ సామాన్లనూ తీసుకెళ్తుంది. లోపల ఉన్నదాన్ని మరగబెట్టి పారబోయాలి.

లోపల ఉన్నది బతికున్నది. తోలు మీద ఉండి, సముద్రపు క్రిమిని రానివ్వకుండా కాపలా కాసే మంచి క్రిమి అది. గాజు పళ్ళెంలో వేస్తే సముద్రపు క్రిమిని ఒక్క పూటలో తినేస్తుంది. నా కళ్ళతో నలభై పళ్ళేలు చూశాను. పళ్ళెంలో చేసేది చేతి మీద ఎందుకు చేయడం లేదో ఎంత ఆలోచించినా తట్టడం లేదు.

రోజు 63

ఖాళీ డబ్బాలు తేవడానికి మా పరీక్ష గది ఉన్న తెప్ప నుంచి పలక దాటి పక్కనున్న ఏడో తెప్పకు వెళ్ళాను. మునిగిన ఊరి వాటర్ ట్యాంకు కొనకు కట్టిన పెద్ద తెప్ప అది. ఎనిమిదేళ్ళ వరకు నేను పెరిగింది దాని మీదే.

ఇరవై నాలుగు డబ్బాలూ కడిగి బోర్లించి ఉన్నాయి. పక్కన ఒక పెద్ద అల్యూమినియం తపేలా. దాని అంచున ఎండిన పూత, వేలు మందాన.

ఇదేమిటని జట్టు పెద్ద పైడమ్మత్తను అడిగాను. ఆమె సిగ్గుపడలేదు, దాచలేదు.

"పదో రోజుకే తెలిసిపోనాదే. నీ డబ్బాల్లో కొన్ని మంచియి, కొన్ని ఉత్తియి. కొందరికి సేతులు మానతన్నాయి. ఆళ్ళ పక్కనే కూకున్న నూకాలుకి రసి కారతంది. సూస్తూ ఊరుకోమంటావేటి? అన్నీ ఈ తపేలాలో పోసీసి గరిటెతో పంచుకున్నాం."

"ఎవరి డబ్బా వాళ్ళే రాసుకోవాలని మూడుసార్లు చెప్పాను కదత్తా."

"సెప్పినావు. తలూపినాం. నువ్వు మా గుంటవి, నీ పెద్దోళ్ళ ముందు నీకు సిన్నతనం రాకూడదని సెప్పనేదు. మీ అమ్మే వొద్దంది."

అమ్మ తాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

తెప్ప మీద జట్టుకు ఏం వచ్చినా, బియ్యమైనా సబ్బైనా మంచినీళ్ళైనా, ఒకే గిన్నెలో పడి గరిటెతో బయటికి వస్తుంది. ఆ గరిటె కూడే నేనూ తిన్నాను. పరీక్ష పద్ధతి కాగితం మీద రాసినప్పుడు ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. డాక్టర్ గారు గట్టు మీద పుట్టిన మనిషి, ఆమెకు తెలియకపోవడం తప్పు కాదు. నాకు తెలుసు. తప్పు నాది.

దీనికంటే ఘోరం ఇంకొకటి ఉంది. ఉత్త పూత చెడిపోకుండా అందులో నిల్వ మందు కలిపాం. తపేలాలో అది మందు పూతతో కలిసి, బతికున్న క్రిమిని చాలావరకు చంపేసి ఉంటుంది. పదో రోజుకు మానుతున్న చేతులు కూడా పన్నెండో రోజు నుంచి మళ్ళీ ఊడడం మొదలుపెట్టాయట. వాళ్ళు మంచి మనసుతో కలిపారు. అందరికీ సమానంగా ఏమీ దక్కలేదు.

మందు పనిచేస్తుంది. మా కొలతలకంటే ముందే ఏడో తెప్పకు ఆ సంగతి తెలుసు.

రోజు 64

అంతా డాక్టర్ గారికి చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. వెంటనే రేడియో ముందు కూర్చుని మండలికి వివరించారు. గంట తర్వాత జవాబు వచ్చింది. తెప్పల మనుషులు పరీక్షకు పనికిరారని దీన్నిబట్టే తెలుస్తోంది, వచ్చే ఏడు ఇంకో చోట చూద్దాం అన్నారు. డాక్టర్ గారు గొంతు పెంచారు. ఆమె గొంతు పెంచగా వినడం ఇదే మొదటిసారి. చివరికి ఒక్క మాట సాధించారు: ఎనభై రెండో రోజులోగా మందు పెట్టినవాళ్ళకీ పెట్టనివాళ్ళకీ తేడా చూపించే అంకెలు వస్తే పరిశీలిస్తారు.

ఇప్పుడు జాబితా నా చేతిలో ఉంది. పన్నెండు అంకెలు మారిస్తే చాలు. పది నిమిషాల పని. నా దస్తూరీ నాదే, ఎవరూ కనిపెట్టలేరు. ఆ ఆలోచన వచ్చిందని రాస్తున్నాను. మార్చలేదు. ఒక తెప్ప మీద అబద్ధపు అంకెతో నిలబెట్టిన మందును రేపు ఇంకో తెప్పలో ఎవరో కొలుస్తారు. అప్పుడు నిజమైనది కూడా పోతుంది.

రోజు 65

పది నుంచి నాలుగు వరకు ఎండలోకి ఎవరూ రారు. ఆ వేళ ఏడో తెప్ప గుడారం కింద అందరినీ కూర్చోబెట్టి అడిగాను. ఈసారి పన్నెండుగురికి మందు, పన్నెండుగురికి ఏమీ ఉండదు, కలపకూడదు, పదహారు రోజులు ఓర్చుకోవాలి అన్నాను.

నూకాలు నవ్వింది. "ఆ ఉత్త డబ్బాలు మండలోళ్ళకి పంపీయే. ఆళ్ళు రాసుకుని నాచు కడితే మావు కొలుత్తాం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుపు ఆపుకోవడానికి.

పైడమ్మత్త మాత్రం నవ్వలేదు. పన్నెండుగురిని కాపాడి పన్నెండుగురిని చూస్తూ కూర్చునే జట్టు జట్టే కాదంది. మందు లేకపోతే లేకపోయె, అందరం ఒకలాగే పోతాం అంది. ఎంత బతిమాలినా అదే మాట.

లేచి రాబోతుంటే కూడు పంచే వేళయింది. ఆ రోజు జట్టుకు రెండు చేపలు దొరికాయి. ఒకటి వంజరం, ఒకటి ఒట్టి ముళ్ళ చేప. పైడమ్మత్త వంజరం సగం మందికి, ముళ్ళ చేప సగం మందికి వెయ్యలేదు. రెంటినీ ముక్కలు కోసింది. ప్రతి పళ్ళెంలో వంజరం ముక్క ఒకటి, ముళ్ళ ముక్క ఒకటి పడ్డాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఇవాళ చూస్తూ నిలబడిపోయాను.

"అత్తా, ఒక్కొక్క మనిషికి ఒక చేతికి మందు రాద్దాం. ఇంకో చేతికి ఉత్త పూత. అందరికీ అంతే."

పైడమ్మత్త తన పళ్ళెం కింద పెట్టింది.

"అందరికీ ఒకటే లెక్కా?" అంది పైడమ్మత్త.

"అందరికీ. అమ్మకి కూడా."

"మందు లేని సెయ్యి?"

"పోవచ్చు అత్తా."

అబద్ధం చెప్పలేకపోయాను. ఆమె తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. ఏ చెయ్యో ఎవరు చెప్తారని అడిగింది. చీటీ అన్నాను. చీటీ అయితే సరేనంది.

రోజు 66

చీటీలు తీశాం. ఈసారి ఉత్త పూతలో నిల్వ మందు కలపలేదు.

అమ్మకు మందు ఎడమ చేతికి వచ్చింది. ఆరు వేళ్ళ దూరంలో ఉన్న చేతికి. నాలుగు వేళ్ళ దూరంలో ఉన్న కుడి చేతికి ఉత్త పూత. చీటీ నేనే మడత విప్పి చదివాను. ఆమెకు చదవడం రాదు. ఎడమ, కుడి తిరగేసి చెప్పినా ఎవరికీ తెలిసేది కాదు. చదివి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అమ్మ సరేనన్నట్టు తల ఊపి చీటీ నా చేతిలోంచి తీసుకుని బొడ్లో దోపుకుంది.

రోజు 69

మందు చెయ్యి ఉత్త చేతికి తగలకూడదు. ఇది చెప్పడం తేలిక. రెండు చేతులూ కలపకుండా జడ వేసుకోలేరు, గుడ్డ పిండలేరు, తాడు ముడి వేయలేరు. గ్లౌజులు ఇస్తే లోపల వేడి నీళ్ళు నిలిచి జబ్బు రెట్టింపవుతుంది, అది ముందే చూశాం.

దారి జట్టే కనిపెట్టింది. కుడి చేతికి మందున్న మనిషి, ఎడమ చేతికి మందున్న మనిషి తాడుకు అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చుంటారు. అప్పుడు ఇద్దరి మందు చేతులూ ఒకే పక్కకు వస్తాయి. ఆ రెండు చేతులూ కలిసి ఒక ముడి, ఇటుపక్క రెండు ఉత్త చేతులూ కలిసి ఒక ముడి. మొదటి రోజు నూటికి ముప్పై ముడులు కూడా పడలేదు. ఇవాళ యాభై దాటాయి. అమ్మకు జోడీ నూకాలు. నీ చెయ్యి నా మొగుడి చెయ్యి కంటే మొరటని అమ్మ అంటే, ఆడెప్పుడైనా ముడేసినాడేటి అని నూకాలు అంటోంది.

రోజు 73

మధ్య కొలత. మందు చేతుల మీద పల్చగా కొత్త తోలు వస్తోంది, గులాబీ రంగులో, నున్నగా. ఉత్త చేతులు చూడలేకపోతున్నాను. పూతలో మందూ, నిల్వ మందూ రెండూ లేకపోతే జబ్బు ఇంత వేగంగా పరుగెత్తుతుందని మాకు తెలియదు. నీళ్ళు వేడెక్కే నెల కూడా ఇది. అమ్మ కుడి చేయి: రెండు వేళ్ళు.

సగటు మంచి మాట చెబుతోంది. సగటు వేస్తున్నంతసేపూ పదిహేడో నంబరు దగ్గర పెన్సిల్ ఆగుతోంది.

రోజు 77

అమ్మ కుడి చేయి: ఒక వేలు కంటే తక్కువ. గంజి రెండు లీటర్లు. వేడి సరిగానే ఉంది.

రోజు 78

దాటింది.

రోజు 79

పొద్దున్న పూత రాసే వేళకు అమ్మ జట్టు నుంచి లేచి గుడారం వెనక్కి వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. కుడి చెయ్యి ఒంటికి దూరంగా, ఎవరిదో మోస్తున్నట్టు పట్టుకుంది. మా అమ్మ జట్టుకు తెలియకుండా ఏదీ అడిగి ఎరుగదు. గరిటెలో ఒక మెతుకు ఎక్కువ పడితే తిరిగి గిన్నెలో వేసే మనిషి.

"ఈ సేతికి కూడా కూసింత రాయే" అంది. "ఓర్సుకోనేకపోతన్నాను. ఎవులికీ సెప్పొద్దు."

ఇంకా మూడు రోజులుంది. దొంగచాటుగా రాస్తే ఆ చెయ్యి కొంచెం మాని, తేడా తగ్గి, మందుకే చెడ్డపేరు వస్తుంది. బయటపెట్టి రాస్తే, ఒకరికి రెండు చేతులకూ ఇచ్చి మాకెందుకివ్వవని ఇరవై ముగ్గురూ అడుగుతారు. అడగడం న్యాయమే. అప్పుడు పరీక్ష లేదు. రాయకపోతే ఈమె నా అమ్మ.

డాక్టర్ గారి దగ్గరికి పరుగెత్తాను. నేను చెప్పడం పూర్తి కాకముందే ఆమె పూత డబ్బా నా చేతిలో పెట్టారు. అడిగిన మనిషికి అడిగిన క్షణాన ఇవ్వాలి, మిగతావి తర్వాత ఆలోచిద్దాం అన్నారు. వెనక్కి వెళ్ళి ముందు కొలిచి, అంకె రాసి, తర్వాత అమ్మ కుడి చేతికి పూత రాశాను. మోచేతికి ఒక వేలు పైన ఉంది అంచు. పదిహేడో నంబరు పక్కన, ఈరోజుతో పరీక్ష నుంచి తప్పుకుంది అని రాశాను. అమ్మ ఏం రాశానని అడిగింది. చదివి వినిపించాను. తల దించుకుంది.

పైడమ్మత్తకు నేనే వెళ్ళి చెప్పాను. ఆమె అమ్మ దగ్గరికి వచ్చి పక్కన చతికిలబడింది.

"కాసులూ, ఈ గుంటనడిగితే నీ ఒక్కదానికే వొస్తాది. నన్నడిగితే అందరికీ వొచ్చును గదే" అంది. కోపంగా అనలేదు. తర్వాత నా వైపు తిరిగింది. "రేపు పొద్దున్నే అందర్నీ కొలిసీయ్. సాలితే సాల్తాది, నేకపోతే నేదు. కొలిసినాక ఈ రెండో సేతులకి రాసీయ్. ఇంకొక్క రోజు కూడా ఈళ్ళని ఆపనేను."

రోజు 80

ఇరవై ముగ్గురినీ కొలిచాం. ఎవరికి ఏ చేతికి మందో నాకు తెలుసు కాబట్టి, మందు చెయ్యేదో తెలియని డాక్టర్ గారే టేపు పట్టారు, నేను అంకెలు మాత్రమే రాశాను. ఇరవై ఒక్కరిలో తేడా స్పష్టంగా ఉంది. మందు చేతుల మీద అంచు సగటున మూడు వేళ్ళు కిందికి దిగింది. ఉత్త చేతుల మీద రెండున్నర వేళ్ళు పైకి పాకింది. మిగతా ఇద్దరిలో తేడా లేదు, అదీ రాశాను. అమ్మ అంకె విడిగా, తప్పుకున్న కారణంతో సహా రాశాను. రెండు రోజులు ముందే ఎందుకు ఆపామో కూడా. కొలిచిన వెంటనే రెండో చేతులకూ మందు రాశాం.

పన్నెండింటికి రేడియోలో పంపాం. అందినట్టు గంట మోగింది. జవాబు లేదు.

రోజు 83

జవాబు లేదు. ఉదయం తొమ్మిదింటికి కరెంటు ఆగింది. మధ్యాహ్నానికల్లా తొట్టి వేడెక్కి లోపలి క్రిమి చచ్చిపోతుంది.  తొట్టిలో ఎలాగూ చస్తుంది, చేతుల మీదైతే కొన్నాళ్ళు బతుకుతుంది. మొత్తం గీకి బకెట్లలో పోసుకుని ఏడో తెప్పకు తీసుకెళ్ళాం. రెండో చేతులన్నిటికీ మళ్ళీ మందంగా రాశాం. అడుగు కూడా మిగలలేదు.

ఇవాళ గంజి పోయలేదు. పోయడానికేమీ లేదు.

రోజు 87

అమ్మ జ్వరం తగ్గదు, పెరగదు. కుడి చేతి అంచు మోచేతికి రెండు వేళ్ళు పైన మూడు రోజులుగా నిలిచి ఉంది. ఆగిందో, ఊపిరి తీసుకుంటోందో చెప్పలేను. మిగతావాళ్ళు తాళ్ళ దగ్గరికి వెళ్తున్నారు. నాచు కట్టకపోతే తెప్పకు బియ్యం రావు. అమ్మ ఒక్కతే గుడారంలో ఉంటుంది, చేతులు సముద్రంలో పెట్టకుండా.

మండలి నుంచి ఒక్క వాక్యం వచ్చింది. అంకెలు చూశాం, పడవతో ఉత్తరం పంపుతున్నాం.

రోజు 90

పడవ తొమ్మిదింటికి వచ్చింది. ఉత్తరం డాక్టర్ గారు చదివి నాకిచ్చారు. రెండుసార్లు చదివాను. మందును ఒప్పుకున్నారు. గట్టు మీద పది పెద్ద తొట్లలో పెంచి అన్ని తెప్పలకూ పంపుతారు. విత్తనం, అంటే బతికున్న క్రిమి కొంచెం, ఈ పడవతోనే పంపాలి. ఇంకో పడవ నలభై రోజుల దాకా లేదు. పోటు పన్నెండింటి వరకే ఉంటుంది, ఆపైన పడవ కదలదు.

విత్తనం లేదు. కరెంటు ఆపమన్నదీ, విత్తనం అడిగిందీ ఒకే మండలి. ఆ మాట అనడానికి కూడా టైం లేదు.

చేతులు గుర్తుకొచ్చాయి. ఏడో తెప్పకు పరుగెత్తి ఇరవై నలుగురికీ మొదటి నుంచి మందు రాసిన చేతులను దూదితో తుడిచి, మైక్రోస్కోపు కింద పెట్టాను. తాళ్ళకు వెళ్ళిన చేతులను ఉప్పునీళ్ళు కడిగేశాయి. అక్కడొకటి ఇక్కడొకటి తప్ప ఏమీ లేదు. చివరిది పదిహేడో నంబరు. ఎడమ అరచెయ్యి. అద్దం నిండా ఉంది. కదులుతోంది.

దూదికి అంటేది విత్తనానికి చాలదు. కొత్త తోలు పైపొర గీకాలి, అరచెయ్యంతా. ఆమెకు మిగిలిన మంచి చెయ్యి అదొక్కటే. గీకిన చోట మళ్ళీ రాయడానికి పూత లేదు. ఆ చెయ్యి కూడా పోవచ్చు. డాక్టర్ గారు తానే అడుగుతానన్నారు. వద్దని నేనే అడిగాను. అన్నీ చెప్పాను, నలభై రోజులు మందు ఉండదన్నది కూడా.

అమ్మ మిగతా తెప్పల్లో కూడా ఇలాంటి చేతులేనా అని అడిగింది. తొమ్మిది తెప్పల్లో అని చెప్పాను. నీ అంకె కొట్టేసిన తర్వాత కూడా నీ చెయ్యే కావాల్సి వచ్చిందమ్మా అంటే, ఆ అంకెలు గింకెలు నాకు తెలీవంది. చెయ్యి చాపింది.

బ్లేడు మొద్దువైపు పెట్టాను. 

"ఇంత సదువు సదివి సెయ్యి వణుకుతాదేటే" అంది. "గీకు. తోలు మళ్ళీ వొస్తాది."

గీకాను. చిన్న సీసాడు వచ్చింది, మీగడలాగా. పైడమ్మత్త దాన్ని తడిగుడ్డలో చుట్టి, తానే పడవలోకి దిగి పడవ నడిపే సరంగు చేతికిచ్చి, ఎండ తగలనిస్తే ఊరుకోనని చెప్పింది. పడవ పదకొండున్నరకు కదిలింది.

అమ్మ ఎడమ అరచేతికి చల్లారిన గంజి రాసి గుడ్డ కట్టాను. రెండు చేతులకూ గుడ్డలే కాబట్టి మధ్యాహ్నం కూడు నేను కలిపి పెట్టాను. నాలుగు ముద్దలు తింది.